జగన్నాథరావు గారి కునుకూ మా అక్కయ్య చిలకా

రాజమహేంద్రవరం,
1898 జూలై 10

మహారాజశ్రీ బావగారు వీరవెంకటసత్యనారాయణ గారి దివ్యసముఖమునకు,

బావమరిది అచ్చిబాబు (ఎఫ్.ఏ. ప్యాసు, బి.ఏ. నడుస్తున్నది, ఎటు నడుస్తున్నదో మాత్రం తెలియదు) అనేక నమస్కారాలు చేసి వ్రాసుకునే విన్నపం.

ఇక్కడ నేను క్షేమం. అక్కయ్య క్షేమం. చిలక మరీ క్షేమం. ఆ చిలక అంత క్షేమంగా ఉండడం వల్ల మా లోగిలిలో ఇంకెవరూ క్షేమంగా లేరు. ఆ సంగతి తమ చెవిని వెయ్యడానికే ఈ ఉత్తరం.

తమరు బర్మాలో రంగం పోయే స్టీమరెక్కి మూడేళ్ళయింది. అక్కడి బియ్యం మిల్లులో మేస్త్రీ అయ్యారని విన్నాం, సంతోషం. కిందటేడు తమ తల్లిగారు కాలం చేశాక, ఊళ్ళో తమ ఇంటికి తాళం వేసి, పంజరం చేత పట్టుకుని అక్కయ్య నా దగ్గరికి వచ్చేసింది. "తమ్ముడు కాలేజీలో చదువుతున్నాడు, వండిపెట్టే దిక్కు లేదు" అన్నది ఊరికి చెప్పిన కారణం. నిజానికి నాకు పూటకూళ్ళమ్మ చేతి పులుసు బాగానే ఒంటబట్టింది. కాని ఆత్రేయపురంలో మా నాన్న ఇంట్లో కూర్చుంటే అక్కయ్య మొగుడు వదిలేసిన ఆడపిల్ల. ఇక్కడ పొయ్యి ముందు కూర్చుంటే తమ్ముడికి వండిపెడుతున్న అక్క. కూర్చోవడం ఒకటేగాని పీట వేరు. ఈ పీట కదలకుండా చూడడమే ప్రస్తుతం నాకు బి.ఏ. కన్న పెద్ద పరీక్ష.

మేము కిందటి నెలలో మారింది ఒక మండువా లోగిలికి. నాలుగు వాటాలు. వాటాల మధ్య గోడలు నిలువెత్తే. పైకప్పు మాత్రం అందరికీ ఒకటే. ఒకరు తుమ్మితే నలుగురు చిరంజీవ అంటారు. ఇంటివారు జగన్నాథరావు గారు కాలవల డిపార్టుమెంటులో ఓవర్సీరు చేసి పింఛను పుచ్చుకుంటున్నారు. ముప్ఫయ్యేళ్ళు లాకుల దగ్గర నీళ్ళ హోరులో నిద్రపోయిన మనిషి. ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన కడుతూ పొద్దస్తమానం ఇనుము మీద ఇనుము మోదుతున్నా ఆయనకు అభ్యంతరం లేదు. ఆయన అభ్యంతరమల్లా మధ్యాహ్నం పన్నెండింటికి, భోంచేసి మేను వాల్చి కన్ను మూతపడే సమయానికి, మా వాటాలోంచి వచ్చే ఈ పిలుపు మీద:

"సత్తిబాబూ! ఓ సత్తిబాబూ! అన్నం సల్లారిపోతంది, రారా!"

గొంతు తమ తల్లిగారిది. వంటింటి గుమ్మంలో నిలబడి, మూడు చేల అవతల నాగలి పట్టుకున్న తమను పిలిచే గొంతు. మూడు చేలు దాటవలసిన కేకను మండువాలో వేస్తే ఏమవుతుందో తమరే ఊహించండి. మొన్న వీధిలో పోతున్న జట్కా గుర్రం ఆగిపోయింది.

జగన్నాథరావు గారి భార్య శ్యామలాంబ గారు వచ్చి "ఎవరమ్మాయ్ ఈ సత్తిబాబు?" అని అక్కయ్యను అడిగారు. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. అక్కయ్య తల వంచుకుంది. ఆవిడ ఆలోచించి, ఈ ఇంట్లో మగవాడు ఒక్కడే కాబట్టి సత్తిబాబు నేనే అని తేల్చేశారు. కాదని చెప్పాలంటే ఎవరో చెప్పాలి. చెప్పాలంటే ఆ పేరు నోట రావాలి. అక్కయ్య చెప్పలేదు. నేను దిద్దవచ్చు. దిద్దితే "మరి ఆ సత్తిబాబు ఎక్కడున్నాడయ్యా?" అంటారు. ఆ ప్రశ్న కన్న ఆ పేరే నాకు తేలిక. కాబట్టి వారం రోజులుగా ఈ లోగిలిలో నేనే తమరిని. తమరు ఇక్కడ లేరని ఇక ఎవరూ అనలేరు.

జగన్నాథరావు గారి తీర్పు ఇది: దసరా లోపల చిలక నోరైనా మూతపడాలి, మా వాటా తలుపైనా మూతపడాలి. ఖాళీ చేస్తే నేను మళ్ళీ పూటకూళ్ళమ్మ దగ్గరికి, అక్కయ్య ఆత్రేయపురానికి.

కనుక తమరు వచ్చి, పిలిచినప్పుడు ఒక్కసారి "వస్తున్నా" అని పలికితే చిలక శాంతిస్తుందని నా మనవి. రాలేకపోతే ఉపాయమైనా చెప్పండి.

తమ బావమరిది,
అచ్చిబాబు


రంగం,
1898 ఆగస్టు 21

చి. అచ్చిబాబుకు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మిల్లులో మన గోదావరి వాళ్ళందరికీ చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వారు. కాలేజీలో మీకు నేర్పేది ఇదేనా అన్నారు.

ఇక్కడ మా మేనేజరు దొర దగ్గర ఒక పెద్ద పిట్ట ఉంది. ఎర్ర ముక్కు, బండ గొంతు. అరిస్తే దొర పంజరం మీద ముతక గుడ్డ కప్పేస్తాడు. నోరు మూస్తుంది. మీరూ అలాగే చెయ్యండి. మధ్యాహ్నం కాకముందే కడుపు నిండా తిండి పెట్టండి. ఆకలితో అరుస్తుందేమో. అదీ కాకపోతే ఇంకో మాట నేర్పండి. కొత్తది వస్తే పాతది పోతుంది.

వానలు తగ్గాక మాకు పని జాస్తి. దీపావళి స్టీమరుకి వీలు చూస్తాను.

అచ్చంగా అమ్మ గొంతేనా? ఆ "రారా" అనడం కూడా అలాగే సాగదీస్తుందా?

ఇట్లు,
వీ. వెం. సత్యనారాయణ


రాజమహేంద్రవరం,
1898 సెప్టెంబరు 25

బావగారి దివ్యసముఖమునకు,

తమ ఉత్తరం శిరసావహించాం. ఫలితాలు వరసగా మనవి చేస్తున్నాను.

ముతక గుడ్డ లేనందున నా కాలేజీ కోటు కప్పాం. చిలక చీకటిపడిందనుకుని బుద్ధిగా పడుకుంది. నేను తమరిని ఉపాయశాలి అని మెచ్చుకుంటూ కాలేజీకి వెళ్ళాను. పన్నెండింటికి కోటు లోపలి నుంచి పిలిచిందట. జగన్నాథరావు గారు లేచివచ్చి, కొయ్యకి వేలాడుతున్న కోటును కాస్సేపు చూసి, "చిలక పోయి కోటు పట్టుకుందేంటమ్మా మిమ్మల్ని!" అన్నారట. కోటుకు లోపలివైపు జరిగిన నష్టం ఇక్కడ రాయతగినది కాదు.

పదకొండింటికే శనగలు, దోసగింజలు పెట్టి కడుపు నింపాం. గొంతుకు బలం వచ్చింది.

ఇక కొత్త మాట. "గోవిందా" అయితే ఇంటివారు కూడా కాదనలేరని నా ఎత్తు. పది రోజులు పొద్దున్నే పంజరం ముందు బాసింపట్టు వేసుకుని గోవిందా, గోవిందా అన్నాను. అది తల ఒక పక్కకి వంచి, నన్ను పరీక్ష పేపరు దిద్దే దొరలాగా చూసింది. పదకొండో రోజున జగన్నాథరావు గారు గుమ్మంలో నిలబడి "ఏవయ్యా సత్తిబాబూ, ఇంతవరకూ ఒక్కటే అరిచేది. ఇప్పుడు నువ్వు కూడా మొదలెట్టావా?" అన్నారు. గోవిందుణ్ణి విరమించాం.

పెరట్లో నూతి దగ్గర పందిరి గుంజకి పంజరం కట్టి చూశాం. దూరమైతే వినపడదని. మధ్యాహ్నం నూతి దగ్గర అంట్లు తోముకునే ఆడవాళ్ళు వెనక నుంచి ఎవరో రారా అన్నారని చెంబులు వదిలేసి పరుగెత్తారు. ఒక చెంబు నూతిలో ఉంది.

విచిత్రమేమిటంటే ఏం చేసినా అది ఆ ఒక్క మాటే, ఆ ఒక్క వేళకే, రోజురోజుకీ ఇంకా హుషారుగా అంటోంది. ఎవరో దానికి చాటుగా వస పోస్తున్నారని శ్యామలాంబ గారి అనుమానం.

మరొక్క మనవి. అక్కయ్యకు చదువు రాదని తమకు తెలుసు. తమ ఉత్తరాలు నేనే చదివి వినిపించాలి. ఈ ఉత్తరంలో తమరు దొరగారి పిట్ట క్షేమం రాశారు, వానల సంగతి రాశారు. "రత్నమాణిక్యం ఎలా ఉంది" అన్న వాక్యం మాత్రం రాయడం మరిచారు. తమరు రాయడం మరిచారు గాని నేను చదవడం మరవలేదు. ఆ వెనక మరి నాలుగు ముక్కలు, "వేళకి తింటున్నావా", "నీ చేతి మాగాయ గుర్తొస్తోంది" వగైరా కూడా చదివాను. అక్కయ్య వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆ రోజు బియ్యం రెండుసార్లు ఏరింది. ముందు ముందు ఈ శ్రమ తమరే పుచ్చుకుంటే బాగుంటుంది. సొంత కవిత్వం ఎంతకాలమని!

అచ్చంగా అత్తయ్య గొంతే. "రారా" అన్నప్పుడు రెండో రా మూడు చేల పొడుగు.

తమ,
అచ్చిబాబు


రాజమహేంద్రవరం,
1898 అక్టోబరు 16

బావగారికి,

మీ జవాబు రాకుండానే మళ్ళీ రాస్తున్నాను. వస పోస్తున్న మనిషి దొరికింది.

శుక్రవారం లెక్కల లెక్చరరు గారికి జ్వరం. కాలేజీ మధ్యలో వదిలేశారు. నేను పన్నెండు కాకుండానే ఇంటికి వచ్చి వీధి గుమ్మం దాటబోతున్నాను. చిలక పిలిచింది. నడవలో స్తంభం పక్కన ఆగిపోయాను.

అక్కయ్య వంటింట్లోంచి వచ్చింది. జగన్నాథరావు గారి తలుపు వైపు ఒకసారి చూసింది. కొంగు ముడి విప్పి జామపండు ముక్క తీసి పంజరంలో పెట్టింది. అది తిని మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఒక ముక్క. మూడోసారి పిలిచాక ముక్కలైపోయాయి. అక్కయ్య పంజరం కమ్మీలకు నుదురు ఆనించి మెల్లిగా అంది:

"ఇంకొక్కసారి అనవే."

అంతే బావగారూ. కోటు కింద ఉన్నప్పుడు కోటు పైకెత్తి పెట్టింది. నూతి దగ్గరున్నప్పుడు నూతి దగ్గరికి వెళ్ళి పెట్టింది. నేను పొద్దున్నే గోవిందా అన్నందుకు దానికి ఏమీ దక్కలేదు. ఆ పేరు అన్నప్పుడల్లా జామపండు దక్కింది. చిలక నాకన్న తెలివైనది. ఏ మాటకు ఏమొస్తుందో దానికి తెలుసు.

ఆమె నోట రాకూడని పేరు. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ రోజుకు రెండు పూటలా ఆ పేరు ఆ ఇంట్లో వినపడేది. ఆవిడ పోయాక ఈ భూమ్మీద ఆ పేరు పెట్టి మిమ్మల్ని పిలిచేది ఈ పిట్ట ఒక్కటే. దాని నోరు నేనెలా ముయ్యను?

చూసినట్టు అక్కయ్యకు చెప్పలేదు. వెనక్కి వీధిలోకి పోయి, గోదావరి గట్టున కాస్సేపు తిరిగి, రోజూ వచ్చే వేళకే వచ్చాను. "ఇవాళ చిలక అరిచిందా?" అంటే "ఏమోరా, పనిలో ఉండి వినలేదు" అంది.

దసరా గడువు శివరాత్రి దాకా పెరిగింది. అక్కయ్య శ్యామలాంబ గారికి ఒక జాడీడు మాగాయ పంపింది. జగన్నాథరావు గారు అన్నంలో కలుపుకుని, చెవులు రెండూ మూసుకుని, "సరే, శివరాత్రి" అన్నారు.

దీపావళి స్టీమరు సంగతి రాయండి.

అచ్చిబాబు


రంగం,
1898 నవంబరు 27

చి. అచ్చిబాబుకు,

దీపావళికి రాలేకపోయాను. మిల్లులో కొత్త యంత్రం బిగిస్తున్నారు. ఒంట్లో కూడా అంత బాగా లేదు. ఇప్పుడు ఫరవాలేదు.

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. ఆ పిట్టను వదిలేయండి. పంజరం తలుపు తీసి గోదావరి లంకల్లోకి ఎగరేసేయండి. దాని పాపం మనకెందుకు. మీ ఇంటివారితో గొడవా ఉండదు.

రత్నమాణిక్యం కులాసాగా ఉందని తలుస్తాను.

వీ. వెం. సత్యనారాయణ


రాజమహేంద్రవరం,
1898 డిసెంబరు 18

బావగారికి,

"రత్నమాణిక్యం" అని మీ చేత్తో రాసినందుకు కృతజ్ఞుణ్ణి. ఈసారి ఆ ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు చదివాను. బొత్తిగా పొడిగా ఉందనిపించి మళ్ళీ కాస్త తడి చేశాను.

చిలకను ఎగరేయమన్నారు. పిల్లగా ఉన్నప్పుడే అత్తయ్య దాని రెక్కలు కత్తిరించారని మరిచారా? తరవాత మొలిచాయి గాని అవి దేనికో దానికి తెలియదు. మొన్న మీ మాట ప్రకారం పంజరం తలుపు తీసి పెట్టాను. బయటికి వచ్చి, మండువా అంతా నడిచి, జగన్నాథరావు గారి పడక్కుర్చీ చెయ్యి మీద ఎక్కి కూర్చుని, ఆయన చెవిలో మిమ్మల్ని అన్నానికి పిలిచింది. తరవాత అదే నడిచి వెళ్ళి పంజరంలో కూర్చుంది.

అది వెళ్ళదు. వాళ్ళు ఉండనివ్వరు. అక్కయ్య మానదు. జనవరిలో నా పరీక్ష. చదువుదామని పుస్తకం తెరిస్తే పేజీలో అక్షరాలు కాదు, స్తంభం పక్కనుంచి చూసింది కనపడుతోంది.

హాస్యం చాలించి ఒక్క మాట అడుగుతున్నాను. మీరు వస్తారా, రారా?

అచ్చిబాబు


రంగం,
1899 ఫిబ్రవరి 5

అచ్చిబాబుకు,

ఒక్క మాట అడిగావు. ఒక్క మాటలోనే చెబుతున్నాను. రాను.

ఇక్కడ ఒక మనిషి ఉంది. వచ్చిన మొదటి వానాకాలం నాకు విషజ్వరం తగిలితే మిల్లు వెనక పాకలో నలభై రోజులు గంజి పోసి బతికించింది. అలా మొదలైంది. ఇప్పుడు ఆడపిల్ల. ఏడాదిన్నర. నడుస్తోంది. దాన్ని వదిలి రాలేను. తీసుకుని అసలే రాలేను. ఇంకో ఏడాది పోయాక చెబుదాం, ఇంకో ఏడాది పోయాక చెబుదాం అనుకున్నాను. మొదట చెప్పకపోవడం కష్టంగానే ఉండేది. తరవాత అలవాటైంది.

నీ ఉత్తరాలన్నీ మనవాళ్ళకి చదివి నవ్వించేవాణ్ణి. జామపండు సంగతి రాసినది మాత్రం ఎవరికీ చదవలేదు. ఆ రోజు మధ్యాహ్నం మిల్లు కూత కూసినా నేను అన్నానికి లేవలేదు.

మీ అక్కకి ఇదంతా చెప్పకు. నేను పోయానని చెప్పెయ్యి. కలరా అని చెప్పు. ఇక్కడ రోజుకొకడు పోతూనే ఉంటాడు, ఎవరూ ఆరా తియ్యరు. నేను లేననుకుంటే ఆమెకు ఎదురుచూపు తప్పుతుంది. చిలకని ఏం చేసినా నీ ఇష్టం.

అమ్మ గొంతు ఒక్కసారి వచ్చి వినిపోదామని ఉంది. వింటే తిరిగి స్టీమరెక్కలేనేమోనని భయం.

నన్ను తిట్టుకో.

సత్యనారాయణ


రాజమహేంద్రవరం,
1899 మార్చి 5

సత్యనారాయణ గారికి,

మీరు చచ్చిపోవడానికి నేను ఒప్పుకోను.

మీరు అక్కడ హాయిగా పోతారు. ఆ చావు ఇక్కడ మొయ్యవలసింది ఆమె. పదోరోజున నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఆమె గాజులు పగలగొడతారు, బొట్టు చెరుపుతారు, పుస్తె తెంచుతారు. ఆ పని అయ్యాక మీరు మీ పిల్లని ఆడించుకుంటూ ఉంటారు. అంత కలరా ఆమెకు నేను తగిలించలేను. ఎదురుచూపు తప్పించడానికి మనిషికి ఆ గాజులూ బొట్టూ కూడా మిగల్చకూడదా?

ఇక ఉత్తరం చదివిన సంగతి. దాచిపెడదామనుకున్నాను. కాని టపా మనిషి మండువాలో నిలబడి "రంగం నుంచి ఉత్తరం" అని కేకవేసి ఇచ్చిపోయాడు. అక్కయ్య తోటకూర వలుస్తూ కూర్చుంది. చదవక తప్పలేదు.

నాకున్న కవిత్వమంతా తీశాను. కొత్త యంత్రాలు, సెలవు దొరకని కష్టం, బెంగపెట్టుకోవద్దన్న మాట, వచ్చే దసరా. మిల్లులో మన వంకాయలు దొరకవని కూడా చేర్చాను. ఎక్కడా తడబడలేదు. వకీలు కావలసినవాణ్ణి.

అక్కయ్య అంతా విని, "ఎన్ని కాయితాలు రాశారు?" అంది.

"ఒకటే."

"ఒక కాయితం చదవడానికి ఇంతసేపు పడుతుందా తమ్ముడూ?"

"అక్షరాలు సన్నం అక్కయ్యా."

కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క పెట్టింది. నా వైపు చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఆయన రాయనివి చదివేవాడివి. అది నాకు తెలుసు. ఆయనకి అన్ని మాటలెక్కడివి? బాగానే ఉండేవి కదా, పోనీలే అని వినేదాన్ని. ఇవాళ ఆయన రాసినవి చదవలేదు."

నా నోరు పుట్టిన దగ్గరనుంచి ఊరుకోవడం అదే మొదలు. అక్కయ్య ఇంకా ఏదో అడుగుతుందని చూశాను. అడగలేదు. ఏం రాశారని అడగలేదు. ఎందుకని అడగలేదు. లేచి కూర పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు ఆదివారం. పన్నెండింటికి నేను ఇంట్లోనే ఉన్నాను. చిలక మిమ్మల్ని పిలిచింది. అక్కయ్య జామపండు ముక్కలు కోసి ఆకులో పెట్టుకుని ఉంది. అది మళ్ళీ పిలిచింది. అక్కయ్య ఒక ముక్క నాకు ఇచ్చింది. ఒకటి తను తింది. మూడోసారి పిలిచింది. ఇంకో ముక్క తింది. అన్నీ అయ్యేదాకా పంజరం వైపు చూడకుండా, గింజలు కూడా ఉమ్మకుండా తింది.

అచ్చిబాబు


రంగం,
1899 ఏప్రిల్ 2

అచ్చిబాబుకు,

ఆమె ఏమంది? ఏడ్చిందా? నువ్వు చెప్పేశావా, తనే కనిపెట్టిందా? తిన్నగా రాయి. నిద్రపట్టడం లేదు.

సత్యనారాయణ


రాజమహేంద్రవరం,
1899 మే 7

సత్యనారాయణ గారికి,

మీకు నిద్రపట్టడం లేదని రాశారు. జగన్నాథరావు గారికి పడుతోంది. అది చెప్పడానికే రాస్తున్నాను.

జామపండు ఆగిపోయాక చిలక నోరు మూస్తుందని నేను అనుకున్నాను. తప్పు. ఇంతకుముందు మధ్యాహ్నం మూడుసార్లు పిలిచేది, ఇప్పుడు పొద్దు పొడిచిన దగ్గరనుంచి పొద్దు వాలేదాకా పిలిచింది. కమ్మీలు కొరికింది. ఛాతీ ఈకలు పీక్కుంది. గొంతు బొంగురుపోయినా మానలేదు. పిలుపు తప్పుగా అన్నాననుకుందో ఏమో, మెల్లిగా ఒకసారి, గట్టిగా ఒకసారి, అత్తయ్య కోపంగా పిలిచినట్టు ఒకసారి, బతిమాలినట్టు ఒకసారి, ఎన్ని రకాలుగా అనవచ్చో అన్ని రకాలుగా అంది. అక్కయ్య వేళకి గింజలు పెట్టేది, నీళ్ళు పోసేది. ఆ మాటకు మాత్రం తిరిగి చూసేది కాదు. నేను చూడలేక రెండుసార్లు జామకాయ చేతిలోకి తీసుకున్నాను. "పెట్టకు" అంది. అంతే అంది.

శివరాత్రి వెళ్ళిన వారానికి జగన్నాథరావు గారు కర్ర పట్టుకుని వచ్చారు. "ఇక నావల్ల కాదమ్మా. మాగాయకి కూడా ఒక హద్దుంటుంది. రేపు ఖాళీ చెయ్యండి."

నేను నోరు తెరవబోయాను. అక్కయ్య గుమ్మంలోకి వచ్చింది. ఇంతవరకు ఆయన ఎదుట పడి మాట్లాడింది లేదు.

"ఇంకో పది రోజులు ఓర్చుకోండి బాబాయి గారూ. మానేస్తుంది."

"ఏళ్ళనుంచి మాననిది పది రోజుల్లో ఎలా మానుతుందమ్మా? నీకెలా తెలుసు?"

"తెలుసండి. పలికేవాళ్ళు లేరని దానికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. తెలిసేదాకా అరుస్తుంది. తెలిశాక అరవదండి."

ఆయన ఆమె మొహం చూసి, కర్ర దించి వెళ్ళిపోయారు. పది రోజులు పట్టలేదు. ఎనిమిదో రోజున పన్నెండింటికి ఒక్కసారి పిలిచి, సగంలో ఆపేసింది. తొమ్మిదో రోజున పిలవలేదు. నెల దాటింది. ఇప్పుడు ఏమీ అనదు. పెట్టింది తింటుంది.

శ్యామలాంబ గారు చాలా సంతోషించి, "ఏం మంత్రం వేశావమ్మాయ్?" అని అడిగారు. అక్కయ్య నవ్వింది. ఇంటివారు మమ్మల్ని ఎన్నాళ్ళైనా ఉండమన్నారు.

ఏడ్చిందా అని అడిగారు. నాకు తెలిసి లేదు. పొద్దున్నే లేస్తుంది, స్నానం చేస్తుంది, బొట్టు పెట్టుకుంటుంది, నాకు వండిపెడుతుంది. ఒకప్పుడు టపా మనిషి వస్తే చేతిలో పని ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు. మీ మీద ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

మీరు ఇక ఉత్తరాలు రాయకండి. రాస్తే నేను చదవాలి. చదివితే ఆమె వినాలి. అంత శ్రమ ఇద్దరికీ వద్దు. మీ పిల్లకు ఆయురారోగ్యాలు కలగాలని దీవిస్తున్నాను. దాని తప్పు ఏముంది?

నా సంగతి అడగలేదు గాని చెబుతున్నాను. బి.ఏ. ఫలితాలు వచ్చాయి. తప్పాను. ఇంగ్లీషులో తప్పానన్నారు. మా లెక్చరరు గారు ఆశ్చర్యపోయి, "నీకేమొచ్చిందయ్యా, క్లాసులో మొదటివాడివి, సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చావట!" అన్నారు. నాన్న ఆత్రేయపురం నుంచి నాలుగు పేజీల తిట్లు పంపాడు. అక్కయ్య మాత్రం ఆ రోజు చాలా రోజుల తరవాత పాయసం వండింది.

ప్యాసయితే ఎక్కడో ఉద్యోగం, పెళ్ళి, వండిపెట్టడానికి ఇంకొకరు. అప్పుడు అక్కయ్య ఈ ఊళ్ళో ఎవరికి వండుతున్నట్టు? ఫీజు కట్టాను. మళ్ళీ చదువుతున్నాను. వచ్చే జనవరిలో పరీక్ష. ఎన్నేళ్ళు తప్పనిస్తారో కనుక్కోవాలి.

అచ్చిబాబు